హై జి దాటితే విరిగిపోతున్న స్వరం: ఫ్లూట్, పికలో ఆంబషూర్ (ఊదేటప్పుడు పెదాల అమరిక) మీద ఒక పూర్తి కేసు

ఈ కేసులో స్టూడెంట్ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే తెలుగమ్మాయి, హైస్కూల్లో పదో తరగతి, పేరు రాయట్లేదు. ఆరో తరగతిలో స్కూల్ బ్యాండ్‌లో ఫ్లూట్ తీసుకుంది, అంతకంటే ముందు నుంచీ ఆన్‌లైన్‌లో కర్ణాటక వేణువు కూడా నేర్చుకుంటోంది. నా దగ్గరకి వచ్చింది ఆగస్టులో, రీజియన్ బ్యాండ్ (చుట్టుపక్కల స్కూళ్ల నుంచి ఎంపిక చేసిన పిల్లల బ్యాండ్) ఆడిషన్ ఎట్యూడ్స్, అంటే అక్కడ వాయించాల్సిన సాధన పీసులు, చేతికొచ్చాక, అప్పుడే బ్యాండ్ డైరెక్టర్ మార్చింగ్ సీజన్‌కి ఆమెకి పికలో (ఫ్లూట్‌లో సగం ఉండే చిన్న వాయిద్యం) కూడా ఇచ్చారు, బయట ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో ఫ్లూట్లు ఎవరికీ వినపడవు కాబట్టి పికలోకి మారుస్తారు చాలా స్కూళ్లలో.

సమస్య ఏంటంటే, మూడో ఆక్టేవ్‌లో, అంటే ఫ్లూట్ పై స్థాయిలో, ఎఫ్ షార్ప్ అనే స్వరం దాకా పర్లేదు, జి ఒకసారి వస్తే ఒకసారి పగిలి కింది ఆక్టేవ్‌కి పడిపోతుంది, ఎ వస్తే చెవులు గింగురుమనేంత గట్టిగానే వస్తుంది, బి ఫ్లాట్, బి, సి అసలు లేవు. కాసేపు పైన వాయిస్తే కింది పెదవి మొద్దుబారిపోతోంది, గడ్డం పైన లిప్ ప్లేట్ (పెదవి ఆనే రేకు) అంచు ఎర్రగా అచ్చు పడుతోంది. వాళ్లమ్మ మొదటి రోజే అడిగారు, "ఊపిరి చాలట్లేదేమో మాస్టారూ, ప్రాణాయామం లాంటిదేమైనా చేయించమంటారా?" అని. "ఊపిరి బోలెడుందమ్మా, అది బయటకొచ్చే దారి దగ్గరే ఇబ్బంది" అన్నా. ఈ కేసు మొత్తంలో నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే, పై నోట్ రావట్లేదంటే దాదాపు అందరూ ఇంకా గట్టిగా ఊదు, ఇంకా బిగించు అంటారు, పిల్లలు ఆ రెండూ నిజాయితీగా చేస్తారు, సమస్య రెట్టింపవుతుంది.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తా, తర్వాత చేసిన ప్రతి పనికీ కారణం ఇక్కడే ఉంది. ఫ్లూట్‌లో రీడ్ (క్లారినెట్‌లోలా ఊదితే కంపించే సన్నటి పుల్ల) ఉండదు, పెదాల మధ్య సందు నుంచి వచ్చే పల్చటి గాలి పాయే రీడ్ పని చేస్తుంది. అది బ్లో హోల్ (ఊదే రంధ్రం) మీదుగా వెళ్లి అవతలి అంచుని తాకి లోపలికి, బయటికి ఊగుతుంది. పెదాల నుంచి అంచు దాకా గాలి చేరడానికి పట్టే టైమ్ ఎంత తక్కువైతే అంత పై నోట్ పలుకుతుంది. ఆ టైమ్ తగ్గాలంటే దారులు రెండే, గాలి వేగం పెంచడం, పెదాలకీ అంచుకీ మధ్య దూరం తగ్గించడం. ఆస్ట్రేలియా భౌతిక శాస్త్రవేత్త నెవిల్ ఫ్లెచర్ 1970ల్లోనే ఫ్లూట్ వాయించేవాళ్ల మీద ఇవన్నీ కొలిచారు, ఆక్టేవ్ పైకెళ్లేకొద్దీ నోట్లో పీడనం సుమారు రెట్టింపవుతుంది, దాంతోపాటు పెదాలు ముందుకొస్తాయి, సందు చిన్నదవుతుంది. బాగా వాయించేవాళ్లు ఇవన్నీ కలిపి చేస్తారు. మన స్టూడెంట్ ఒక్క పీడనమే పెంచుతోంది, పెదాలు ముందుకి రావడానికి బదులు చెవుల వైపు సాగుతున్నాయి, నవ్వు మొహంలా. అలా సాగితే పెదవి పల్చబడి పళ్ల మీద అతుక్కుపోతుంది, అంచుకి దూరం పెరుగుతుంది, అంటే గాలి వేగం పెంచి సంపాదించింది దూరంలో పోతోంది. ఆ తేడా పూడ్చడానికి మళ్లీ గట్టిగా ఊదుతుంది, గట్టిగా ఊదితే సందు విచ్చుకుంటుంది, విచ్చుకోకుండా ఫ్లూట్‌ని గడ్డానికి నొక్కుతుంది. ఎర్ర అచ్చు దానిదే.

కానీ పెదాల జోలికి వెళ్లకముందు నేను వాయిద్యం చూస్తా, ప్రతి స్టూడెంట్‌కీ, ఎంత తొందరలో వచ్చినా సరే. క్లీనింగ్ రాడ్ చివర ఒక గీత ఉంటుంది, దాన్ని హెడ్ జాయింట్‌లోకి (బ్లో హోల్ ఉండే ముక్కలోకి) పెడితే ఆ గీత బ్లో హోల్ మధ్యలో కనపడాలి, అంటే ఆ ముక్క చివర లోపల మూసి ఉండే కార్క్ హోల్ మధ్య నుంచి సుమారు 17 మిల్లీమీటర్ల దూరంలో ఉందని అర్థం. ఈ అమ్మాయి ఫ్లూట్‌లో గీత స్పష్టంగా పక్కకి ఉంది, ఎవరో ఎప్పుడో క్రౌన్ (చివరి మూత) తిప్పి ఉంటారు, పిల్లలు ఊరికే కూర్చున్నప్పుడు తిప్పుతూనే ఉంటారు దాన్ని. కార్క్ జరిగితే ఆక్టేవ్‌ల మధ్య శృతి చెడుతుంది, మూడో ఆక్టేవ్ ముందు దెబ్బతింటుంది. సరిచేశా, ఆ రోజే జి కొంచెం నిలబడింది, ఎ మాత్రం అలాగే ఉంది. ప్యాడ్‌లు (రంధ్రాలు మూసే మెత్తలు) ఒకసారి రిపేర్ షాప్‌లో చూపించమన్నా, చిన్న లీక్ ఉంటే సరిచేసి పంపారు.

తర్వాత అద్దం. అద్దం ముందు నిలబెట్టి ఏమీ చెప్పకుండా రెండో ఆక్టేవ్ ఎ నుంచి నెమ్మదిగా పైకి వాయించమన్నా. డి, ఇ దగ్గర నుంచి పెదాల మూలలు వెనక్కి వెళ్లడం, ఫ్లూట్ లోపలికి తిరగడం రెండూ కనపడ్డాయి. తర్వాత చల్లటి హెడ్ జాయింట్ తీసుకుని ఊది, లిప్ ప్లేట్ అవతలి వైపు పడ్డ ఆవిరి మచ్చ చూశాం, ఇది చాలామంది టీచర్లు వాడే పద్ధతే, మచ్చ చిన్న త్రికోణంలా పడితే గాలి ఒకచోట చేరుతోందని అర్థం, వెడల్పుగా అలుక్కుపోతే సందు పెద్దదని. ఆమెది వెడల్పుగా ఉంది, దానికి తోడు కొంచెం ఎడమకి జరిగి ఉంది. ఎడమకి జరగడం నేను ముట్టుకోలేదు, ఎందుకంటే ఆమె పై పెదవి మధ్యలో కిందికి దిగిన చిన్న బొడిపె ఉంది, అలాంటి పెదవి ఉన్నవాళ్లు సందు పక్కకి పెట్టుకోవడం సహజం, బలవంతంగా మధ్యకి తెస్తే ఆ బొడిపె గాలిని రెండుగా చీలుస్తుంది. ఇది పాడుచేసే టీచర్లు ఉన్నారు, సిమెట్రీ కోసం పిల్లల నోళ్లు సర్దుతారు, దయచేసి చేయకండి.

చరిత్ర అడిగితే రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి బ్రేసెస్. ఎనిమిదో తరగతి నుంచి పళ్లకి బ్రేసెస్ ఉండి ఆ వేసవిలోనే తీశారు. బ్రేసెస్ ఉన్నన్నాళ్లూ పెదవి ముందుకి ఉబ్బి ఉంటుంది, లోపల గుచ్చుకోకుండా పిల్లలు పెదవిని సాగదీసి గట్టిగా పట్టుకోవడం నేర్చుకుంటారు, బ్రేసెస్ తీసేశాక పెదవి వెనక్కి వెళ్తుంది, బిగింపు అలవాటు మాత్రం మిగిలిపోతుంది. రెండోది వేణువు. కర్ణాటక వేణువులో లిప్ ప్లేట్ ఉండదు, వెదురు మీదే పెదవి ఆనుతుంది, గమకం కోసం వేణువుని కొంచెం లోపలికి బయటికి తిప్పడం, ఊదే కోణం మార్చడం ఆ సంగీతంలో భాగం, అది తప్పు కాదు, అక్కడ అది కావాలి. తార స్థాయి పంచమం దాకా ఆమె వేణువు మీద హాయిగా వెళ్తుంది, నేను విన్నా, చాలా బాగుంది. కానీ ఆ తిప్పే చెయ్యి వెండి ఫ్లూట్ మూడో ఆక్టేవ్‌లో కూడా పని చేస్తోంది, పై నోట్ కష్టమనిపించగానే ఫ్లూట్ లోపలికి తిరిగిపోతోంది.

ఇక్కడ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది. "మాస్టారూ, పెదాలకీ అంచుకీ దూరం తగ్గాలన్నారు కదా, ఫ్లూట్ లోపలికి తిప్పితే కూడా దూరం తగ్గుతుంది కదా?" తగ్గుతుంది, నిజమే. కానీ తిప్పినప్పుడు కింది పెదవి బ్లో హోల్‌ని ఎక్కువగా మూసేస్తుంది, శృతి పడిపోతుంది, శబ్దం బయటికి రాక గొంతు నొక్కినట్టు ఉంటుంది, పడిపోయిన శృతి లేపడానికి మళ్లీ గట్టిగా ఊదాలి. ఫ్లూట్ ఉన్నచోటే ఉండి పెదాలు ముందుకొస్తే దూరం తగ్గుతుంది, గాలి కొంచెం పైకి చూస్తుంది, వేగం వల్ల పెరిగే శృతీ, పెదవి ముందుకి రావడం వల్ల తగ్గే శృతీ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. ఇది ట్యూనర్ పెట్టి చూపించా, తిప్పితే సూది ఎంత కిందికి పోతుందో తనే చూసింది, ఆ తర్వాత మళ్లీ దాని గురించి వాదన రాలేదు.

చికిత్స మొదలుపెట్టింది పై నోట్లతో కాదు. మొదటి కొన్ని వారాలు మూడో ఆక్టేవ్ ఎట్యూడ్ పూర్తిగా ఆపించా, ఆడిషన్ దగ్గర పడుతోందని వాళ్లమ్మకి కంగారు, అయినా ఒప్పుకున్నారు. హెడ్ జాయింట్ ఒక్కటీ చేతిలోకి తీసుకుని, చివర అరచేత్తో మూసి ఊదితే సుమారు కింది ఆక్టేవ్ ఎ వస్తుంది, అదే మూసిన చివరతో పెదాలు ముందుకి తెచ్చి వేగం పెంచితే పైన హై ఇ దగ్గరి స్వరం పలుకుతుంది, మూసిన గొట్టం కాబట్టి ఆక్టేవ్‌కి కాకుండా పన్నెండో స్వరానికి దూకుతుంది. ఈ రెండింటి మధ్య నాలుక వాడకుండా పైకీ కిందికీ వెళ్లడం, అంతే. పుచ్చకాయ గింజ ఊసేటప్పుడు పెదాలు ఎలా ముందుకొస్తాయో అలా అన్నా, అది ఆమెకి వెంటనే పట్టింది, మూలలు వెనక్కి లాగుతూ గింజ ఊయలేం కదా. పీడనం పొట్ట నుంచి రావాలని చెప్పడానికి నాలుక లేకుండా "పూ, పూ" అని చిన్న చిన్న నోట్లు, చేయి పొట్ట మీద పెట్టుకుని. సపోర్ట్ అనే మాట నేను తక్కువ వాడతా, పిల్లలు ఆ మాట వింటే భుజాలు బిగిస్తారు.

దాని తర్వాత హార్మోనిక్స్, ఈ కేసులో అసలు పని చేసిన మందు ఇదే. కింది సి ఫింగరింగ్ (వేళ్ల అమరిక) పట్టుకుని వేళ్లు కదలకుండా పెదాలతోనే పైకి ఎక్కాలి: సి, పై సి, జి, ఆ పై సి, ఇ, జి. వేళ్లు సాయం చేయవు కాబట్టి పెదాలు తప్పించుకోలేవు. మొదట్లో ఇ దగ్గర పెనుగులాట, శబ్దం కంటే గాలి ఎక్కువ. నా నియమం ఒక్కటే, పైకెక్కేటప్పుడు నోట్ రాకపోయినా పర్లేదు కానీ గట్టితనం పెరగకూడదు. రావట్లేదని గట్టిగా ఊదితే అక్కడితో ఆపి కిందికి రావాలి. తర్వాత హార్మోనిక్ జి పట్టుకుని ఉండగానే అసలు హై జి ఫింగరింగ్‌కి మారడం, మారినప్పుడు పెదాలు కదలకూడదు. హార్మోనిక్ ఇ మామూలు ఇ కంటే కొంచెం కింద ఉంటుంది, 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తక్కువ, అది సహజ స్వరం కాబట్టి, వేణువు చెవి ఉన్న పిల్ల కదా, ఆ తేడా తనే పట్టేసింది, అడక్కుండానే.

విజిల్ టోన్స్ కూడా చేయించా, హై ఎ ఫింగరింగ్ పెట్టి దాదాపు గాలే లేనంత మెత్తగా ఊదితే ఫ్లూట్ సన్నగా ఈల వేస్తుంది, పెదవిలో ఏ మూల బిగింపు ఉన్నా ఈల తెగిపోతుంది. ఇది అందరికీ నచ్చదు, ఫలితం వెంటనే కనపడదు కూడా, కానీ గడ్డానికి నొక్కే అలవాటు పోగొట్టడానికి దీనికి మించింది నాకు తెలియదు, ఎందుకంటే నొక్కితే ఈల రాదు. ఆమెకి మొదట్లో ఏమీ రాలేదు, ఒక రోజు రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక చేస్తే వచ్చిందట, మర్నాడు మెసేజ్ పెట్టింది.

సెప్టెంబర్ చివరికి ఎట్యూడ్ మళ్లీ తీశాం. ఇప్పుడు హై ఎ రావడం కాదు ప్రశ్న, మెత్తగా రావాలి. గట్టిగా వచ్చే హై నోట్‌ని నేను వచ్చినట్టు లెక్క వేయను, మెజో పియానోలో (ఓ మాదిరి మెత్తగా) వచ్చి అక్కడ నుంచి తగ్గించగలిగితేనే పెదాలు పని చేస్తున్నట్టు. తగ్గించేటప్పుడు శృతి కిందికి జారుతుంది, గాలి వేగం తగ్గుతోంది కాబట్టి, అప్పుడు సందు ఇంకా చిన్నది చేస్తూ గాలిని కొంచెం పైకి తిప్పాలి, కింది పెదవితో, తలతో కాదు. జి మీద నాలుగు బీట్లు నిలబెట్టి నాలుగు బీట్లలో తగ్గించడం, తర్వాత ఎ ఫ్లాట్, తర్వాత ఎ, ఒక్కో రోజు ఒక్కో అర స్వరమే. ఫింగరింగ్ విషయం ఒకటి ఇక్కడ కలపాలి, హై ఇ చాలా ఫ్లూట్‌లలో సహజంగానే జారుడు నోట్, స్ప్లిట్ ఇ మెకానిజం లేకపోతే ఒక రంధ్రం తెరుచుకోవాల్సిన చోట రెండు తెరుచుకుంటాయి, కుడి చిటికెన వేలు ఎత్తేస్తే నిలబడుతుంది. ఎఫ్ షార్ప్‌కి ఉంగరం వేలు బదులు మధ్య వేలు వాడితే మెత్తగా వస్తుంది. ఇవి దొంగదారులు కావు, కానీ పెదాలు సరిపడకముందే ఇస్తే పిల్లలు వేళ్ల మీద ఆధారపడిపోతారు, అందుకే ఇక్కడి దాకా ఆగా.

ఇక పికలో. స్కూల్ ఇచ్చింది ప్లాస్టిక్ బాడీ, మెటల్ హెడ్ జాయింట్ ఉన్నది, దానికి లిప్ ప్లేట్ ఉంది. ఫ్లూట్ సుమారు 67 సెంటీమీటర్లు, పికలో అందులో సగానికి కాస్త తక్కువ, రాసిన దానికంటే ఆక్టేవ్ పైన మోగుతుంది, ఫ్లూట్ హై ఎ 1760 హెర్ట్జ్ అయితే పికలో మీద అదే ఫింగరింగ్ 3520. బ్లో హోల్ చిన్నది కాబట్టి ఫ్లూట్ పెట్టే చోట పెడితే పెదవి దాన్ని చాలా వరకు మూసేస్తుంది, కింది పెదవి మీద కొంచెం పైకి పెట్టాలి. గాలి మొత్తం తక్కువే పడుతుంది, వేగమే ఎక్కువ. పికలో దగ్గర పిల్లలు చేసే పని ఏంటంటే చిన్న వాయిద్యం కదా అని నోరు చిన్నగా బిగించేస్తారు, సందు చిన్నదవ్వడం వేరు, పెదాలు బిగుసుకోవడం వేరు, ఈ తేడా ఒంటికి తెలియడానికే రెండు నెలలు ఫ్లూట్ మీద గడిపాం.

తర్వాత ఒకరోజు నా చెక్క పికలో ఇచ్చి వాయించమన్నా, దానికి లిప్ ప్లేట్ లేదు, చెక్క మీదే పెదవి. ఆమె మొహం వెలిగిపోయింది. "ఇది వేణువులా ఉంది మాస్టారూ!" అంది, నిజమే, వేణువు మీద అన్నేళ్లు చేసిన పని ఇక్కడ కలిసొచ్చింది, పెదవి ఎక్కడ పెట్టాలో నేను చూపించకముందే పెట్టుకుంది, మొదటిసారే హై జి మెత్తగా పలికింది. వేణువు ఆమెకి అడ్డం అని మొదట్లో ఎవరో చెప్పి మానేయమన్నారట, మానేసి ఉంటే ఎంత నష్టం అయ్యేదో! తిప్పే అలవాటు ఒక్కటీ ఏ వాయిద్యానికి ఆ వాయిద్యంగా విడదీసుకుంటే చాలు. ఇప్పుడు రెండూ చేస్తోంది, ఫ్లూట్ ప్రాక్టీస్‌కీ వేణువు ప్రాక్టీస్‌కీ మధ్య కనీసం ఒక గంట విరామం పెట్టుకోమన్నా, అది పాటిస్తోంది.

పికలో విషయంలో రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పా, తల్లిదండ్రులకి కూడా. చెవులు: పై నోట్లు దగ్గర్లో 100 డెసిబెల్స్ దాటుతాయి, చిన్న గదిలో రోజూ వాయిస్తే వినికిడికి నష్టం, అది తిరిగి రాదు, కుడి చెవికి కనీసం మ్యుజీషియన్ ఇయర్‌ప్లగ్ ఉండాల్సిందే. పెదాలు: ముందు ఫ్లూట్‌తో వార్మప్ అయ్యాకే పికలో, పది పదిహేను నిమిషాలకి మించకుండా, తర్వాత మళ్లీ ఫ్లూట్ మీద కింది ఆక్టేవ్ లాంగ్ టోన్స్‌తో (ఒక్కో నోట్‌ని సాగదీసి వాయించడంతో) ముగించాలి. శుక్రవారం రాత్రి గేమ్‌లో మొత్తం పికలోనే వాయిస్తుంది కాబట్టి శనివారం పై ఆక్టేవ్ సెలవు. ఇది లేకపోతే సోమవారం లెసన్‌లో మళ్లీ ఆగస్టు పెదాలే కనపడేవి, అక్టోబర్‌లో ఒక వారం అలాగే జరిగింది, ఎర్ర అచ్చు మళ్లీ వచ్చింది, ఆ వారం ఏం చేసిందని అడిగితే వరుసగా పెప్ ర్యాలీ, గేమ్, పెరేడ్.

ఆడిషన్‌లో జడ్జిలు తెర వెనక కూర్చుంటారు, పేరు, మొహం ఏదీ కనపడదు, శబ్దం ఒక్కటే. హై ఎ ఉన్న లైన్ శుభ్రంగా, రాసినంత మెత్తగా వాయించింది, రీజియన్ బ్యాండ్‌లో చోటు వచ్చింది, ముందు కుర్చీలు కాదు, మధ్యలో. బి ఫ్లాట్ ఇప్పుడు నమ్మకంగా వస్తుంది. బి మెజో ఫోర్టేలో (ఓ మాదిరి గట్టిగా) వస్తుంది, మెత్తగా అడిగితే సగం సార్లు పగులుతుంది. సి గట్టిగా మాత్రమే. మెజో పియానో ప్రమాణంతో కొలిస్తే బి, సి ఇంకా రానట్టే, ఆమెకీ అలాగే చెప్పా.

పికలో మీద ఎ దాకా స్థిరంగా ఉంది, జి షార్ప్‌కి కుడి చేతి మధ్య వేలు, ఉంగరం వేలు కలిపితే నిలబడుతుంది, పికలోకి అది మామూలు పద్ధతే. మిగిలిన పెద్ద చిక్కు నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా మెత్తగా హై ఇ మీద ఎంట్రీ, నాలుక తాకగానే పెదాలు ఒక క్షణం వెనక్కి గుంజుకుంటున్నాయి, అంటే పాత రిఫ్లెక్స్ ఇంకా అక్కడ బతికే ఉంది. దానికి ఇప్పుడు నాలుక లేని "పూ"తో మొదలుపెట్టి, నోట్ మొదలయ్యాకే నాలుక కలిపే వరుస నడుస్తోంది. వసంతంలో స్కూల్ బ్యాండ్ అమెరికన్ స్వరకర్త సూసా 1896లో రాసిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్ వేస్తున్నారు, చివర్లో పికలో ఒంటరిగా బ్యాండ్ అంతటి మీదా మోగే భాగం ఆమెకే ఇచ్చారు, ఆ భాగాన్ని ముందు ఫ్లూట్ మీద ఒక ఆక్టేవ్ కింద, తర్వాత పికలో మీద సగం స్పీడ్‌లో, రోజుకి నాలుగు బార్లు మించకుండా తీసుకుంటున్నాం.